కారు మెత్తదనం వెనక సీట్లో తెలుస్తుంది

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది కర్నూలు. మా నాయనకు డెబ్బై దాటింది, నడుము నొప్పి ఉంది. నెలకు రెండు మూడుసార్లు ఆదోని దగ్గరి మా ఊరికి పిలుచుకుపోవాల. చిన్న కారు కొందామని నాలుగు షోరూములు తిరిగినాము. తిప్పి చూపించినప్పుడు అన్నీ మెత్తగానే ఉన్నట్టు అనిపించినాయి. నిజంగా మెత్తగా పోయేది ఏదో ఎట్లా తేల్చుకోవాల?

జవాబు: షోరూం వాళ్లు తిప్పేది మంచి రోడ్డు మీద, మూడు నాలుగు కిలోమీటర్లు. మీరు కూర్చున్నది బహుశా స్టీరింగు ముందు. అక్కడ ఏ కారైనా మెత్తగానే ఉంటుంది, ఎందుకంటే ముందు సీట్లు రెండు ఇరుసుల నడుమ పడతాయి. వెనక సీటు దాదాపు వెనక ఇరుసు మీదే ఉంటుంది. చక్రం తిన్న దెబ్బ అక్కడ కూర్చున్నవాళ్ల నడుముకు నేరుగా అందుతుంది. నాయన వెనక కూర్చుంటారంటే మీరు పరీక్షించాల్సిన చోటు కూడా అదే. నడపడం ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి.

తర్వాత మీ దారి సంగతి. ఆదోని వైపు పత్తి పండే నల్లరేగడి ఎక్కువ. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పైనున్న తారు కూడా దాంతోపాటే లేస్తూ కుంగుతూ ఉంటుంది. అందుకే ఒక్క గుంత లేని చోట కూడా రోడ్డు అలలు అలలుగా ఉంటుంది. గుంత కొట్టే దెబ్బ వేరు, ఈ అలలు వేసే ఊపు వేరు. దెబ్బను టైరు, స్ప్రింగు మింగాలి. ఊపును షాకబ్జార్బర్ ఆపాలి. ఒకదాంట్లో నెగ్గిన కారు రెండోదాంట్లో తేలిపోవచ్చు. కాబట్టి రెండింటికీ విడివిడిగా మార్కులు వేయండి.

బండి ఎక్కే ముందు టైర్లలో గాలి చూడండి. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, దాని మీద రాసిన అంకె ప్రమాణం. స్టాక్‌యార్డులో నెలల తరబడి నిలబడే బండ్లకు గాలి ఎక్కువ కొట్టి ఉంచుతారు, డెమో కార్లలో అది తగ్గించకుండా వదిలేయడమూ ఉంది. స్టిక్కరు 30 చెబుతుంటే లోపల 38 ఉందనుకోండి, మంచి కారు కూడా రాయిలా కొడుతుంది. గాలి చూసే చిన్న గేజి సొంతంగా కొనుక్కోండి, కారు కొన్నాక కూడా పనికొస్తుంది.

డెమో కారు, మీరు కొనబోయే కారు ఒకే వేరియంటు కావాలని పట్టుబట్టండి. పేరు ఒకటే అయినా టైరు మారిపోతుంది. స్విఫ్టునే తీసుకోండి. కింది వేరియంట్లకు 165/80 ఆర్14, పై వేరియంట్లకు 185/65 ఆర్15 వస్తాయి. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. లెక్క వేస్తే మొదటిదాని పక్కగోడ 132 మి.మీ., రెండోదానిది 120 మి.మీ. గుంత అంచును మొదట మింగేది ఈ రబ్బరు గోడే. నడుము నొప్పి ఉన్న ఇంట్లో అలాయ్ చక్రాల అందం కోసం ఆ 12 మి.మీ. వదులుకోవద్దని మా సలహా.

లోడు లేకుండా పరీక్షిస్తే ఫలితం తప్పుతుంది. చిన్న కారు వెనక స్ప్రింగులను ఐదుగురినీ డిక్కీ సామానునూ మోసేలా గట్టిగా చేస్తారు. ఒక్కరే ఉంటే వెనక భాగం ఎగురుతుంది, నలుగురు ఎక్కితే కుదురుకుంటుంది. కొన్ని కార్లు మాత్రం నలుగురు ఎక్కగానే కూలబడి, స్పీడ్ బ్రేకర్ దగ్గర లోపలి రబ్బరు దిమ్మకు ధబ్‌మని తగులుతాయి. మీరు ఊరికి ఎంతమంది పోతారో అంతమందినీ ఎక్కించండి, డిక్కీలో ఒక సంచి కూడా వేయండి.

ఇక రోడ్డు మీద. ఏసీ ఫ్యాను తగ్గించి, పాటలు ఆపి, అద్దాలు మూయండి. మొదట చెడిపోయిన వీధిలో 15–20 కి.మీ. వేగంతో పోండి. పదునైన అంచున్న గుంతలో పడినప్పుడు ఒక్క మొద్దు చప్పుడుతో దెబ్బ అక్కడికక్కడే చావాలి, సీటు కింద వణుకు మిగలకూడదు. తర్వాత ఒక పక్క చక్రాలు మాత్రమే గతుకుల్లో, రెండో పక్క తారు మీద ఉండేలా కాసేపు పోనివ్వండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పెద్దవాళ్ల మెడను ఎక్కువ బాధపెట్టేది ఇదే, తల అటూ ఇటూ విసిరినట్టు అవుతుంది. ఎత్తైన కార్లు మలుపుల్లో ఒరగకుండా ఉండాలని గట్టిగా బిగిస్తారు కనుక ఈ తల విసురు వాటిలో తరచు ఎక్కువ. నేలకు ఎత్తుగా ఉంటే మెత్తగా ఉంటుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఆ ఎత్తు కింద తగలకుండా కాపాడుతుంది, అంతవరకే.

రెండోది అలల రోడ్డు, 50 కి.మీ. వేగం. ఊపు వచ్చాక కారు ఒకసారి లేచి దిగి నిలబడిపోవాలి. రెండోసారి, మూడోసారి కూడా ఊగుతుంటే షాకబ్జార్బర్ చాలడం లేదు. మొదటి ఐదు నిమిషాలు ఉయ్యాలలా హాయిగా ఉండి, అరగంటకు నడుము పట్టేసే కార్లు ఈ రకమే. మూడోది హైవే, 80 కి.మీ. వేగం. 44వ నంబరు రోడ్డెక్కి తుంగభద్ర వంతెన మీద అతుకులు ఎంత వినిపిస్తున్నాయో, ఎంత తగులుతున్నాయో చూడండి. వేగంలో చిన్న చిన్న వణుకు ఆగకుండా వస్తుంటే దూరప్రయాణంలో అలసట తప్పదు.

రెండు కార్ల మధ్య తేల్చుకోలేకపోతే ఒకే రోజు, ఒకే రోడ్డు, అదే మనుషులు. ముందు సీటు నుంచి వెనక కూర్చున్నవాళ్ల తలను ఫోనులో వీడియో తీసి, ఇంటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తల కదలిక అబద్ధం చెప్పదు.

రెండు ఇరుసుల మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. అది ఎక్కువైతే కారు ముందుకూ వెనక్కూ తల ఊపడం తగ్గుతుంది. ఆల్టో కె10కు 2,380 మి.మీ., స్విఫ్టుకు 2,450, ఐ20కి 2,580. కాగితం మీద చూడదగ్గ అంకె ఇదే, అయినా పక్కగోడలూ షాకబ్జార్బర్లూ దీన్ని తారుమారు చేయగలవు.

చివరగా సీటు. వెనక సీటు చాలా కార్లలో పొట్టిగా, కిందికి ఉంటుంది. మోకాళ్లు పైకి లేచి తొడలు సీటుకు ఆనకపోతే శరీరం బరువంతా నడుము చివరి ఎముక మీద పడుతుంది. అప్పుడు ఎంత మంచి సస్పెన్షన్ ఉన్నా ప్రతి కుదుపూ వెన్నెముకలోకే పోతుంది. తొడ కింద చెయ్యి దూరేంత ఖాళీ ఉందేమో చూడండి, ఉండకూడదు. సీటు ఎత్తు నాయన పిరుదుల ఎత్తుకు దగ్గరగా ఉంటే వంగకుండా, ఎగబాకకుండా పక్కకు జరిగి కూర్చోగలరు. కనీసం నలభై నిమిషాలు కూర్చోబెట్టి, దిగాక నిటారుగా నిలబడటానికి ఎంతసేపు పట్టిందో గమనించండి. అన్ని పరీక్షల్లోనూ ఇది పెద్దది.

ప్రశ్న: కడప నుంచి రాయచోటి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో మా ఏడేళ్ల బాబుకు ప్రతిసారీ వాంతి అవుతుంది. ఇంకా మెత్తటి కారు తీసుకుంటే తగ్గుతుందా?

జవాబు: పెరగవచ్చునమ్మా. కడుపులో తిప్పేది గతుకుల దెబ్బ కాదు, నిదానంగా వచ్చే ఊపు. ఒక్కో ఊపుకు రెండు సెకన్ల నుంచి పది సెకన్లు పట్టే కదలికలే ఎక్కువ వికారం తెస్తాయి. మలుపు తర్వాత మలుపు వచ్చే ఘాట్‌లో, వేగం పెంచుతూ బ్రేకు వేస్తూ పోతే సరిగ్గా అలాంటి ఊపే వస్తుంది. మరీ మెత్తటి కారు ప్రతి మలుపులోనూ ఒరిగి దాన్ని ఇంకా పెంచుతుంది. మీరు చూడాల్సింది ఒరగడం తక్కువగా ఉండే కారు. టెస్ట్ డ్రైవ్‌లో వరసగా రెండు మూడు మలుపులు 30 కి.మీ. వేగంతో తిప్పి, వెనక సీట్లో మీరు ఎంత పక్కకు జారుతున్నారో చూడండి.

వెనక కిటికీ అంచు ఎత్తు కూడా ముఖ్యం. ఈమధ్య కార్లకు వెనక అద్దం చిన్నదై, తలుపు గోడలా పైకి లేచింది. బాబుకు బయట ఏమీ కనబడకపోతే కన్ను ఒకటి చెబుతుంది, చెవి లోపలి సమతూకం ఇంకొకటి చెబుతుంది, వాంతి అక్కడ మొదలవుతుంది. బూస్టర్ సీటు వేసి ముందు రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టండి, ఫోను ఇవ్వకండి, వెనక్కి ఏసీ గాలి వచ్చే కారైతే మంచిది. నడిపేవాళ్లు మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో ఒకే వేగంతో పోవాలి. గువ్వలచెరువు పాలకోవా ఘాట్ దాటాకే తినిపించండి.

ప్రశ్న: మాది అనంతపురం. ధర్మవరం నుంచి చీరల మూటలు కారులోనే తెస్తాం. నలుగురు ఎక్కి మూటలు వేస్తే వెనక కూర్చుండిపోయి స్పీడ్ బ్రేకర్లకు తగులుతోంది. స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు వేయించుకోమంటున్నారు. వేయించవచ్చా?

జవాబు: వద్దు. స్ప్రింగు చుట్ల నడుమ రబ్బరు ఇరికిస్తే ఆ చుట్లు పని మానేస్తాయి, మిగిలినవే మొత్తం మోస్తాయి. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో రెండు బిగుసుకుపోతే అది ఒకటిన్నర రెట్లు గట్టిదవుతుంది. షాకబ్జార్బర్ మాత్రం పాత స్ప్రింగుకు కుదిర్చినదే. గట్టి స్ప్రింగు తిరిగి తన్నే తన్నును అది పట్టుకోలేదు, మూటలు దించి ఒక్కరే పోయే రోజు వెనక భాగం గంతులేస్తుంది. రబ్బరు రాసుకున్న చోట రంగు పోయి తుప్పు పడుతుంది, స్ప్రింగు విరిగితే అక్కడే విరుగుతుంది. వారంటీ ఉన్న బండికైతే ఆ గొడవ వేరే.

ముందు బరువు లెక్క వేయండి. కారుతో వచ్చిన పుస్తకంలో మొత్తం బరువు పరిమితి ఉంటుంది, అందులోంచి ఖాళీ కారు బరువు తీసేయండి. చిన్న కార్లలో మిగిలేది 400 కిలోల అటూ ఇటూ. డెబ్బై కిలోల మనుషులు నలుగురంటే 280 పోయింది, మూటలకు మిగిలేది 120. అది దాటుతుంటే మెకానిక్ చేయగలిగింది ఏమీ లేదు, రెండు విడతలుగా తెచ్చుకోండి.

పరిమితి లోపలే ఉండి కూడా తగులుతుంటే స్ప్రింగు అలిసిందేమో చూడాలి. బండి ఖాళీగా, సమంగా ఉన్న నేల మీద పెట్టి, వెనక చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలవండి. ఎడమ, కుడి మధ్య తేడా ఒక సెంటీమీటరు దాటితే తక్కువున్న వైపు స్ప్రింగు కుంగింది. షాకబ్జార్బర్ ఒంటి మీద నూనె తడి కనబడితే అదీ పోయినట్టే. లోపలి రబ్బరు దిమ్మ చితికిపోయిందేమో కూడా చూపించండి. చౌక వస్తువే, అది లేకపోతే ఇనుముకు ఇనుము తగులుతుంది. ఏది మార్చినా రెండు వైపులా కలిపి మార్చాలి. ఫుల్ లోడుకు వెనక టైర్ల గాలి ఎంతో చాలా బండ్ల స్టిక్కరు మీద విడిగా రాసి ఉంటుంది, మూటల రోజు ఆ మేరకు కొట్టించండి. బరువైన మూట సీటు వీపుకు ఆనించి అడుగున పెట్టండి. డిక్కీ తలుపు దగ్గర పెడితే ఇరుసుకు వెనక పడి ముందు చక్రాల పట్టు తగ్గుతుంది.

ప్రశ్న: నైట్రోజన్ నింపిస్తే ప్రయాణం మెత్తబడుతుందా? (తాడిపత్రి)

జవాబు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మెత్తదనంలో తేడా రాదు. రెండు వారాలకు ఒకసారి, ఉదయం బండి తీయకముందు చూసి, స్టిక్కరు మీది అంకెకు సరిచేస్తే చాలు. మీ ఊరి ఎండలో పరుగు మీదున్న టైరు గేజిలో నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపించడం మామూలే. అది చూసి గాలి తీసేస్తే రాత్రి చల్లబడేసరికి తక్కువైపోతుంది, అలాంటి టైరు పక్కగోడ గుంత అంచుకు నలిగి బుడిపె కడుతుంది. బుడిపె కట్టిన టైరును వాడకండి, మార్చేయండి.