ఉచ్చ గుడ్డల మీదకి కవర్లు: ఇంట్లోనే కుట్టుకోవచ్చు, అసలు పని కుట్టు దగ్గరే ఉంది

మీరు అడిగింది ఇదీ: పాపకి మూడో నెల, పాత నూలు చీరల గుడ్డలు కడుతున్నారు, ఎత్తుకున్నవాళ్ళ బట్టలూ, పడుకునే పక్కా తడిసిపోతున్నాయి. రెడీమేడ్ క్లాత్ డైపర్లు సరిపడా కొనాలంటే చాలా ఖర్చు. పైన వేసే కవరొక్కటీ ఇంట్లో కుట్టుకోవచ్చా, ఏ గుడ్డ తీసుకోవాలి?

నిశ్చింతగా కుట్టుకోవచ్చు. మా ఇద్దరు పిల్లలకీ నేను కుట్టిన కవర్లే వాడాను. మీ పాత చీరల గుడ్డలు మాత్రం పారేయకండి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పీల్చినట్టు కొత్త గుడ్డ పీల్చదు. కొత్త మల్ గుడ్డ అయితే నాలుగైదు ఉతుకులు పడి గంజి పోయాకే పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు ఒకటి నిర్ణయించుకోండి. పీల్చే గుడ్డ వేరు, ఆపే కవరు వేరు. రెండూ కలిపి ఒకే డైపరుగా కుట్టేయమని కొందరు చెబుతారు, నేను వద్దంటాను. మాది కాకినాడ. వానాకాలంలో ముసురు పట్టిందంటే మందంగా పొరలు కలిపి కుట్టినది రెండో రోజుకీ ఆరదు, వాసన పడుతుంది. విడిగా ఉంటే చీర గుడ్డ ఒక్క పొరగా పరుచుకుని ఫ్యాను గాలికి కూడా ఆరిపోతుంది, కవరు దులిపి ఆరేస్తే చాలు.

గుడ్డ విషయానికొస్తే పీయూఎల్ అని అడగండి. పాలిస్టర్ అల్లిక గుడ్డకి ఒక పక్క పాలీయూరిథేన్ పల్చటి పొర అతికించి ఉంటుంది. తడిని ఆపుతుంది, అయినా పాలిథిన్‌లా పూర్తిగా ఉక్కబెట్టదు. ఆన్‌లైన్‌లో మీటర్ల లెక్కన దొరుకుతుంది. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, 58 అంగుళాలుంటే మీటరులో ఈ వయసు పిల్లలకి ఆరు కవర్ల దాకా తీయొచ్చు. రెక్సిన్, టేబుల్ మీద పరిచే ప్లాస్టిక్ షీటు చవగ్గా వస్తాయని కొనకండి. గాలి ఆడదు, తొడలు ఒరుసుకుపోతాయి, ఉతికే కొద్దీ గట్టిపడి పగులుతాయి. గొడుగు గుడ్డ చినుకుల్ని ఆపుతుంది కానీ, పాప దాని మీద కూర్చుంటే ఆ ఒత్తిడికి తడి బయటికొచ్చేస్తుంది. 1946లో అమెరికాలో మారియన్ డోనోవన్ అనే ఒక తల్లి స్నానాల గదిలో కట్టే పరదా కత్తిరించి, ఇంట్లో మిషను మీద ఇలాంటి కవరే కుట్టింది. ఆవిడ కూడా చివరికి ఆ పరదాని వదిలేసి పారాచూట్ నైలానుకి మారింది, పిన్నీసుల బదులు టిచ్ బటన్లు పెట్టింది. 1949లో ఆ కవర్లు న్యూయార్కులో పెద్ద షాపులో అమ్మకానికి వచ్చాయి, 1951లో పేటెంటు వచ్చింది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో మిషను ముందు కూర్చున్న మనిషి చేసిన పని అది. మనం చేయలేమని అనుకోనక్కర్లేదు.

ఇక కుట్టు. చాలామంది గుడ్డని తిట్టుకుంటారు కానీ, కారేది గుడ్డలోంచి కాదు, సూది వేసిన బెజ్జాల్లోంచి, అంచుల్లోంచి. అందుకని కాళ్ళ మధ్య భాగంలో ఒక్క కుట్టు కూడా పడకూడదు. ముందు ముక్క, వెనక ముక్క అని రెండు తీసి మధ్యలో కలిపే పద్ధతి వద్దే వద్దు. ఒకే ముక్క తీయాలి. కొలతకి తేలిక దారి ఉంది. పాపకి సరిపోయే కొన్న డైపరు ఒకటి తీసుకుని, ఎలాస్టిక్ సాగదీసి న్యూస్ పేపరు మీద పరిచి, చుట్టూ గీత గీసి, దానికి అన్ని వైపులా అంగుళం కలపండి. కాళ్ళ మధ్య మరీ సన్నగా తీయొద్దు. లోపల గుడ్డ మడత పెట్టాక రెండు పక్కలా వేలెడు కవరు మిగలాలి. నూలు అంచు ఒక్క దారం బయటికి తొంగిచూసినా తడి దాన్ని పట్టుకునే వచ్చేస్తుంది.

గుండు సూదులు వాడకండి, గుచ్చిన ప్రతి చోటా బెజ్జం మిగిలిపోతుంది. బట్టలారేసే క్లిప్పులు పెట్టుకోండి. దారం పాలిస్టరుదే ఉండాలి, నూలు దారం తడిని పీల్చి బయటికి చేరవేస్తుంది. ఇదే కారణంతో అంచులకి నూలు పైపింగ్ కూడా వద్దు. టైలరుకిస్తే అందం కోసం అదే వేసేస్తారు, ముందే చెప్పాలి. 11 నంబరు సూది వేసి కుట్టు కాస్త పొడుగ్గా పెట్టండి. కుట్టు మరీ చిన్నదైతే తపాలా బిళ్ళల షీటులా ఆ గీత వెంటే చిరుగుతుంది. మెరిసే పొర వైపు కవరు లోపలికి రావాలి. ఆ పొర మిషను ఫుట్‌కి అంటుకుని జరగకపోతే మీద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి.

ఎలాస్టిక్ పావు అంగుళం వెడల్పుది చాలు. కాళ్ళ వంపుల దగ్గరా, వెనక నడుము దగ్గరా అంచు లోపలికి మడిచి కుట్టి అందులోకి దూర్చండి. ఎంత పొడవు అన్నదే అందరూ తడబడే చోటు. పాప పాలు తాగి హాయిగా ఉన్నప్పుడు తొడ మొదట్లో చుట్టి చూడండి. లోపల మీ వేలు సులువుగా దూరాలి. ఒక చివర కుట్టేసి రెండో చివర పిన్నీసు పెట్టి ఒక పూట వేసి చూడండి. విప్పాక సన్నటి గీత కనపడి కాసేపట్లో పోతే పరవాలేదు. ఎర్రగా లోతుగా పడితే వదులు చేయాల్సిందే, కారినా సరే. కారడం ఆపడానికి వేరే దారులున్నాయి.

బిగించడానికి టిచ్ బటన్లయితే ప్లాస్టిక్‌వి, వాటికి నొక్కే మిషను కావాలి. వెల్క్రో అయితే గరుకు వైపు చర్మానికి తగలకుండా చూసుకోవాలి. నాకు మాత్రం అత్తయ్య చెప్పినట్టు జుబ్బాకి కట్టినట్టే రెండు పక్కలా నాడాలు పెట్టడం బాగా నచ్చింది. పాప ఒళ్ళు చేసే కొద్దీ వదులు చేసుకుంటూ పోవచ్చు.

మిషను లేకపోతే ఫ్లీస్ గుడ్డ (నూగుగా, మెత్తగా ఉండే పాలిస్టర్ గుడ్డ) తీసుకోండి. అంచులు పీలికలు రావు కాబట్టి మడవక్కర్లేదు, చేత్తో కుట్టినా సరిపోతుంది. చలికాలం రాత్రుళ్ళు చాలా బాగుంటుంది. అయితే ఒళ్ళో గట్టిగా అదుముకుని కూర్చుంటే చెమ్మ బయటికొస్తుంది. అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు పాత ఉన్ని స్వెట్టర్లు వేడినీళ్ళలో ఉతికి దగ్గరపడేలా చేసి, లానోలిన్ (గొర్రె ఉన్నిలో ఉండే జిడ్డు) పట్టించి కవర్లు కుట్టుకుంటుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా చెమ్మని పట్టుకుని కూడా పొడిగానే అనిపిస్తుంది. మన ఎండలకి నేను సలహా ఇవ్వను. మన గొంగళ్ళ ఉన్ని వానకి గొర్రెల కాపరుల్ని కాస్తుంది కానీ, పసిబిడ్డ ఒంటికి గరుకు.

ఏ కవరైనా తడి బయటికి రాకుండా ఆపుతుందంతే, లోపల పాప తడిలోనే ఉంటుంది. బయట పొడిగా ఉంది కదా అని వదిలేయకండి. రెండు మూడు గంటలకోసారి గుడ్డ మార్చండి, దొడ్డికెళితే వెంటనే. పగలు ఇంట్లో ఉన్నప్పుడు కాసేపు కవరు లేకుండా గాలి తగలనివ్వండి. ఎర్రబడి పొక్కులు కనిపిస్తే కవరు మానేసి పిల్లల డాక్టరుకి చూపించండి.

ఉతకడంలో రెండే జాగ్రత్తలు. గుడ్డల్ని మరిగే నీళ్ళలో వేసినా పరవాలేదు, ఎండలో ఆరేయండి. కవరుకి మరిగే నీళ్ళు తగిలితే పొర ఊడిపోతుంది, నీడనే ఆరాలి. బట్టలు మెత్తబడే లిక్విడ్ దేనికీ వాడొద్దు, అది పట్టిన నూలు తడిని పీల్చడం మానేస్తుంది.

గుడ్డంతా ఒకేసారి కత్తిరించకండి. ముందు ఒక్క కవరు కుట్టి, నాలుగు రోజులు రాత్రీ పగలూ వేసి, ఎక్కడ కారుతోందో చూడండి. కాలి దగ్గరైతే ఎలాస్టిక్, వెనకైతే నడుము ఎత్తు సరిచేసుకుని, అప్పుడు మిగతా గుడ్డ మీద కత్తెర పెట్టండి.