ప్రశ్న – జవాబు: గుడి తలుపు ఎవరికి తెరవాలి?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా ఊరి పక్క ఇటుక బట్టీలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పనిచేస్తున్నాయి. మొన్నటి గాలివానకు వారి గుడిసెలు లేచిపోతే, రెండు రాత్రులు మా చర్చి మందిరంలో పడుకోనిద్దామని నేను అడిగాను. "వారు విశ్వాసులు కారు, ఎవరో ఏమో తెలియదు, విశ్వాసగృహమునకు చేరినవారికే ముందు మేలు చేయమని వాక్యమే చెప్పింది" అని సంఘపెద్దలు ఒప్పుకోలేదు. వారన్నది సరైనదేనా?
– ఒక సోదరి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మా, మీ పెద్దలు బైబిలులోని గలతీ 6:10ని సగమే చదివారు. "అందరియెడలను" అన్న మాట ముందు వచ్చి, "విశేషముగా విశ్వాసగృహమునకు చేరినవారియెడలను" అన్నది ఆ తరువాత వస్తుంది. విశేషముగా అన్నంత మాత్రాన మిగిలినవారిని వాన పాలు చేయమని కాదు. మత్తయి 25లో ప్రభువు "పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి" అన్నాడే గాని, ఆ పరదేశి ఏ మతస్థుడో విచారించారా అని అడగలేదు.

ఈ ఒడిశా కూలీలు మన దేశ పౌరులే కనుక చట్టం దృష్టిలో శరణార్థులు కారు. అయినా లేవీయకాండము 19:34లోని పరదేశి అనే మాట వారికి వర్తిస్తుంది. అక్కడ దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పిన కారణం, మీరును ఐగుప్తులో పరదేశులై యుంటిరి అన్నది. ఈ మాట పాలమూరు వారికి వివరించాలా? గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, ముసలివారిని ఇంటి దగ్గర వదిలి, బొంబాయికో ఆనకట్టల పనికో పోయి డేరాలలో బతికినవారు మీ సంఘంలోనే ఉంటారు. పెద్దల సమావేశంలో ముందు వారిని మాట్లాడనివ్వండి.

పెద్దల జంకును మాత్రం నేను తప్పు పట్టను. తొలినాటి సంఘాలకూ ఆ జంకు ఉండేది: దిదాఖే అనే ప్రాచీన క్రైస్తవ గ్రంథం, బాటసారిని చేర్చుకోమంటూనే, అవసరమైతే రెండు మూడు రోజులు ఉండనిచ్చి, స్థిరపడగోరితే పనిచేసి తినమని చెబుతుంది. కాబట్టి వారి సర్దారు (కూలీలను తీసుకొచ్చిన మేస్త్రీ) పేరు, ఫోను నంబరు రాసుకోండి, సర్పంచికి ఒక మాట చెప్పండి. ఆడవారికీ పిల్లలకూ వేరే గది, మరుగుదొడ్డి తాళంచెవి ముందే ఏర్పాటు చేయండి. ఆశ్రయానికి బదులుగా ఆదివారం ఆరాధనకు రమ్మని మాత్రం షరతు పెట్టకండి, వస్తే సంతోషమే.

ఇంకొక సంగతి ఉంది. ద్వితీయోపదేశకాండము 24:14–15 పరదేశి కూలివాని కూలిని పొద్దు గుంకకముందే ఇమ్మంటుంది. ఆ బట్టీ యజమాని మీ సంఘస్థుడో, పరిచయస్థుడో అయితే, దుప్పట్లు పంచేముందు ఆయనతో కూలి లెక్క గురించి మాట్లాడండి.