తనిఖీలో ఆపిన పోలీసు లైసెన్సును సస్పెండ్ చేయగలరా?

చేయలేరు, ఆ అధికారం రవాణా శాఖలోని లైసెన్సింగ్ అధికారిది. మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ ప్రకారం పోలీసులు కొన్ని నేరాలకు లైసెన్సును స్వాధీనం చేసుకుని, రసీదు ఇచ్చి, ఆ అధికారికి పంపగలరు, అంతే. ఆయన 19వ సెక్షన్ కింద మీ వాదన విన్నాకే నిర్ణయించాలి. తిరుపతిలో అలిపిరి దారిలో హెల్మెట్ లేకుండా దొరికారనుకోండి: 194డి సెక్షన్‌లో 1,000 రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల అనర్హత కూడా ఉంది. చాలామంది పొరబడేది ఇక్కడే. జరిమానా కట్టగానే లెక్క తీరిందనుకుంటారు. తీరదు. లైసెన్సు సంగతి వేరే నడుస్తుంది. దాని గురించి రోడ్డు మీద కానిస్టేబుల్‌తో ఎంత వాదించినా గొంతు నొప్పే మిగులుతుంది. అనర్హత అమల్లో ఉండగా బండి నడిపితే 10,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.