కన్ను మోసం చెయ్యలేదమ్మా

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

ఒకే రంగు చుట్టూ ఉన్నదాన్ని బట్టి వేరుగా కనబడటం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. "కళ్లు చేసే మోసం" అన్న పేరు ముందు కొట్టెయ్యి. ఆ మాట ఉన్నంతసేపూ ఇది గారడీ కబురులాగే ఉంటుంది, కంటి లోపల జరిగే పని చదివేవాళ్లకి అందదు.

మొన్న మబ్బు పట్టిన సాయంత్రం కాలవ గట్టున కూర్చుని ఒకే బూడిదరంగు అట్టలోంచి రెండు ముక్కలు కోశాను. ఒకటి నల్ల గొడుగు గుడ్డ మీద, ఇంకోటి తెల్ల పంచె మీద పెట్టాను. గొడుగు మీది ముక్క లేతగా, పంచె మీదిది ముదురుగా కనిపించాయి. కోసింది నేనే. అయినా ఎంతసేపు చూసినా ఆ తేడా పోలేదు. నీ వ్యాసం ఇలాంటి చోట మొదలవ్వాలి. నిర్వచనం తర్వాత ఎలాగూ వస్తుంది.

అక్కణ్ణించి కంటి వెనక వెలుతురు పట్టే పొర, రెటీనాలోకి దిగు. ఒక్కో కంటిలో వెలుతురు పట్టే కణాలు సుమారు 12 కోట్లు, మెదడుకి కబురు మోసే నరాల పోగులు 10 లక్షలకి అటూ ఇటూ. ఉన్నదంతా పంపడానికి దారి చాలదు. అందుకే పక్కచోటికీ దీనికీ ఉన్న తేడాకే అక్కడ ఎక్కువ విలువ. 1953లో స్టీఫెన్ కఫ్లర్ అనే శాస్త్రవేత్త పిల్లి కంటిలో చూసి రాశాడు: నడిమి చోట వెలుతురు పడితే చురుకయ్యే కణం, దాని చుట్టూ పడితే అణుగుతుంది. పంచె తెలుపు నా అట్టముక్కకి చేసింది అదే.

దీన్ని "అనుభవం నేర్పిన అలవాటు" అన్నావే, అక్కడ ఆగు. పుట్టుకతోనే చూపులేని మన దేశపు పిల్లలకి శుక్లాలు తీశాక, చూపు మీద పరిశోధించే పవన్ సిన్హా బృందం ఇలాంటి బొమ్మలే చూపించింది. చూపొచ్చిన కొత్తలోనే వాళ్లకీ ఈ తేడా కనిపించింది. వాళ్లకి అలవాటయ్యేంత చూపు అనుభవం ఎక్కడిది తల్లీ? నీ వ్యాసానికి గుండెకాయ ఇదే. దీన్ని ఒక్క వాక్యంలో దాటెయ్యకు.

"దీంతో అన్ని భ్రమలూ తేలిపోతాయి" అన్న ఆఖరి మాట తీసెయ్యి. నేనూ ఒకప్పుడు అలాగే రాసి, అచ్చయ్యాక చాలా బాధపడ్డాను. 1979లో మైకేల్ వైట్ అనే పరిశోధకుడు చూపించిన నలుపు తెలుపు చారల బొమ్మ గీసి చూడు. నల్లచారలో ఇరికించిన బూడిద ముక్కకి పొడుగునా రెండువైపులా తెలుపే. కఫ్లర్ లెక్కన అది ముదురుగా కనబడాలి. లేతగా కనబడుతుంది.

నా గొడుగు, పంచె మాత్రం వాడుకోకు. మీ లంకలో ఇసుక ఉంది, తారు పూసిన పడవ ఉంది. అట్టముక్కలు రెంటి మీదా పెట్టి, ఏం కనబడిందో రాసి పంపు.