నడిచేవాళ్ల కోసం ఆరు ఆఫీసులను కలపాలంటే: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చిరంజీవి చిట్టికి,

మామయ్య ఆశీస్సులు. చెన్నై జీఎస్‌టీ రోడ్డులో క్రోంపేట రైల్వే స్టేషన్ ముందు నడిచేవాళ్ల భద్రత పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. అన్ని ఆఫీసులను ఒక తాటి మీదికి ఎలా తేవాలా అని టెన్షన్ పడుతున్నావట. ఉద్యోగమంతా రోడ్ల పనుల్లోనే గడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందే డ్రాయింగ్ వెయ్యకు. అక్కడ ఏ అడుగు ఎవరి చేతిలో ఉందో ఒక కాగితం మీద రాసుకో. తారు రోడ్డు హైవేస్ వాళ్లది, పక్క వీధులు 2021లో ఏర్పడిన తాంబరం కార్పొరేషన్‌వి, స్టేషన్ దక్షిణ రైల్వేది, బస్సులు ఎంటీసీవి, సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది, ఫుట్‌పాత్‌కి అడ్డంగా నిలబడ్డ పిల్లర్ బాక్సు కరెంటు వాళ్లది. రైలు దిగి, సంచీ పట్టుకుని, అవతలి వైపు బస్సు అందుకోవాలని పరుగెత్తే మనిషికి ఈ సరిహద్దులతో పనేముంది?

తర్వాత జాయింట్ ఇన్‌స్పెక్షన్ పెట్టించు. మీటింగ్ హాల్లో ఎవరిని అడిగినా 'అది మా పరిధిలోకి రాదు' అంటారు. రోడ్డు మీద నిలబడ్డాక ఆ మాట అంత తేలిగ్గా నోటికి రాదు. పొద్దున పదకొండుకి వద్దు, సాయంత్రం రైళ్లు కిక్కిరిసి వచ్చే వేళ పెట్టించు. పెద్ద అధికారులు వచ్చినా రాకపోయినా, పని చేయించే అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ), స్టేషన్ వైపు ఇంజనీరు, ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్, బస్ డిపో మనిషి తప్పకుండా ఉండాలి. కర్ర పట్టుకుని నడిచే పెద్దాయననో పెద్దావిడనో అడిగి వెంట తీసుకెళ్లు. సిగ్నల్ లెక్కల్లో మామూలుగా సెకనుకు 1.2 మీటర్ల నడక వేసుకుంటారు. ఆ లెక్కన 18 మీటర్ల రోడ్డు దాటడానికి 15 సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటర్లు నడిచేవాళ్లకు 22 సెకన్లు దాటుతుంది. అది అధికారుల కళ్లముందే ఫోన్‌లో టైమ్ పెట్టి చూపించు. ఆ ఏడు సెకన్లు ఆ మనిషి బండ్లకు ఎదురుగా ఉన్నట్టే కదా. సమయం పెంచడానికి పోలీసులకు వీలు కాకపోతే, రోడ్డు మధ్యలో ఆగి నిలబడే చోటు హైవేస్ వాళ్లు కట్టాలి. ఆ బేరం అక్కడికక్కడే తేల్చుకో.

బస్టాప్ సంగతి కూడా అప్పుడే మాట్లాడు. బస్సు ఆగే చోటు జీబ్రా గీతలు దాటాక ఉండాలి. అప్పుడు జనం బస్సు వెనక నుంచి దాటుతారు, పక్క లేన్‌లో వచ్చే బండికి కనిపిస్తారు. గీతలు వేసేది ఒకరు, బస్టాప్ జరిపేది ఇంకొకరు కావడం వల్లే ఇంత చిన్న పని ఏళ్ల తరబడి ఆగిపోతుంది.

మన చెన్నైలో అసలు తలనొప్పి వాన కాలువ. చాలాచోట్ల కాలువ మీది పలకలే ఫుట్‌పాత్. కాలువ కట్టేవాళ్లు వాళ్ల లెవెల్ చూసుకుని పోతారు. తర్వాత చూస్తే ఫుట్‌పాత్ మోకాలెత్తు ఉంటుంది, ముసలివాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు, అడ్డంకి లేని వెడల్పు 1.8 మీటర్లన్నా ఉండాలి. కాలువ టెండర్ పిలవకముందే ఆ లెవెల్స్ తెప్పించుకుని చూడు. కాంక్రీటు పోశాక ఎవరూ పగలగొట్టరు. రోడ్ కట్ అనుమతుల జాబితా కూడా అడుగు. కొత్త పలకలు వేసిన నెలకే కేబుల్ కోసం తవ్వితే నీ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఫుట్‌ ఓవర్ బ్రిడ్జి కడితే సరిపోతుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకు. అన్ని మెట్లు ఎక్కి దిగడం ఎవరికీ ఇష్టం ఉండదు, కిందే దాటుతారు. రైలు పట్టాలున్న చోట మాత్రం వేరే దారి లేదు. 2023లో టీ నగర్ బస్ టెర్మినస్‌ని మాంబళం స్టేషన్‌తో కలిపిన స్కైవాక్ అలాంటిదే. లిఫ్టు ఉంది కాబట్టి మీ అత్తయ్య మోకాళ్ల నొప్పులతో కూడా వెళ్తోంది. చెన్నై కార్పొరేషన్, రైల్వే ఇద్దరూ ఒప్పుకుంటేనే అది సాధ్యమైంది. ఎవరైనా 'ఆఫీసులు కలవవమ్మా' అంటే దాన్ని చూపించు.

నీకు అండ కుమ్టా, అంటే చెన్నై రవాణా ఆఫీసులన్నిటినీ కలిపే సంస్థ. ఆ సంస్థకు చట్టం 2010లోనే వచ్చినా, ముఖ్యమంత్రి అధ్యక్షతన మొదటి సమావేశం జరిగింది 2022లో. ఇన్‌స్పెక్షన్‌లో తేలిన ప్రతి పనికీ ఎవరు చెయ్యాలి, ఎవరి పద్దు, ఏ తారీఖు అని రాయించి, మినిట్స్ వాళ్ల ద్వారానే పంపించు. పద్దు పేరు లేని హామీని హామీగా లెక్కపెట్టకు. చెన్నై నగర కార్పొరేషన్ 2014 విధానంలో రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం నడకకు, సైకిళ్లకు అని రాసుకున్నారు. తాంబరానికి అది వర్తించకపోయినా, పక్క ఊరి ఉదాహరణగా పనికొస్తుంది.

చట్టం మాట మొదటి రోజే ఎత్తకు. మనుషులు బిగుసుకుపోతారు. కోయంబత్తూరు ఎముకల డాక్టరు రాజశేఖరన్ గారు 2012లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 మేలో, ఆటంకాల్లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కు అని చెప్పింది. మోటారు వాహనాల చట్టం 198ఎ సెక్షన్ ప్రకారం, భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ప్రాణం పోతే రోడ్డు బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. రెండోసారి గడువు దాటినప్పుడు ఇవి ఉత్తరంలో మర్యాదగా రాయి.

ఈశాన్య రుతుపవనాలు మొదలైతే తవ్వకాలు ఆపేస్తారు. కాబట్టి కాలువ, లెవెల్స్ పని సెప్టెంబర్‌లోపు తేల్చుకో. ఇన్‌స్పెక్షన్ రోజు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. కర్ర పట్టుకుని నడిచే పెద్దాయన కావాలంటే నేనే వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య