క్రైస్తవ దంతవైద్య సేవకు విదేశం వెళ్ళినవారికి బాగా గుర్తుండిపోయిన సంఘటనలేమిటి?

నేను వెళ్ళింది కెన్యాకు. మా సంఘం వైద్యబృందంతో కలిసి నకురు, గిల్‌గిల్ పట్టణాల మధ్య ఉన్న పల్లెల్లో పళ్ళ శిబిరాలు పెట్టాం. విదేశీ డాక్టర్లు అక్కడ వైద్యం చేయాలంటే ఆ దేశపు వైద్యుల, దంతవైద్యుల కౌన్సిల్ నుంచి తాత్కాలిక లైసెన్సు ముందే తీసుకోవాలి. ఆ కాగితాలు చేతికొచ్చాకే బయలుదేరాం.

చర్చే ఆస్పత్రి. బల్లలన్నీ ఒక పక్కకు జరిపి, ప్లాస్టిక్ కుర్చీని గోడకు ఆనించి, తలకు కట్టుకున్న దీపం వెలుతురులో పళ్ళు తీసేవాళ్ళం. పనిముట్లు కడిగి, ప్రెషర్ కుక్కర్లో పెట్టి బొగ్గుల పొయ్యి మీద ఆవిరి పట్టేవాళ్ళం. ఆ కుక్కరు బాధ్యత చూసిన సంఘపు అక్కలు రోజంతా ఆ పొగలోనే ఉండేవారు. శిబిరం గురించి ఎవరు మాట్లాడినా వాళ్ళను తలచుకోరు. నేను మాత్రం ముందు వాళ్ళనే చెబుతాను.

మొదటి రోజు ఒక పెద్దావిడ వచ్చారు. అక్కడ అందరూ ఆమెను షోషో అని పిలుస్తున్నారు, అంటే అమ్మమ్మ. కింది దవడ పన్ను పిప్పిపట్టి, నెలల తరబడి ఒక పక్కనే నములుతున్నారు. మత్తు ఇంజక్షన్ ఇచ్చి, అది ఎక్కేదాకా కూర్చోమన్నాను. కాసేపటికి ఆవిడ లేచి, నా రెండు చేతులూ పట్టుకుని ‘అసాంతే’, అంటే స్వాహిలిలో కృతజ్ఞతలు, అని చెప్పి ఇంటికి బయలుదేరారు. నొప్పి పోయింది కదా, ఇంక పని అయిపోయిందనుకున్నారు! నర్సు పరుగెత్తి వెళ్ళి, అసలు వైద్యం ఇంకా మొదలే కాలేదని నచ్చజెప్పి వెనక్కి తీసుకొచ్చింది. నొప్పి లేకుండా ఉన్న ఆ కాసేపే ఆవిడకు ఎంత పెద్ద సంగతో ఆ ముఖంలో చూశాను. పన్ను తీయడం తరువాత రెండు నిమిషాల పని.

ప్రార్థన విషయంలో మా బృందానికి ఒక నియమం ఉండేది. ఉదయం పాస్టరుగారితో కలిసి మేం ప్రార్థన చేసుకునేవాళ్ళం. రోగితో మాత్రం ఆయనో ఆవిడో అడిగితేనే, అదీ వైద్యం పూర్తయ్యాకే. నొప్పితో నోరు తెరిచి కూర్చున్న మనిషి దేనికీ కాదనలేడు. ఆ స్థితిలో ఉన్నవారికి బోధ చేయడం నాకు తప్పుగా తోస్తుంది. గుడ్డివాడైన బర్తిమయిని కూడా యేసు ముందు నీకేం కావాలనే అడిగాడు. అడిగిన వాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసం మనస్ఫూర్తిగా ప్రార్థించాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లె. చిన్నప్పుడు బోరునీళ్ళు తాగి పెరిగినవాళ్ళం కాబట్టి నా ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. గిల్‌గిల్ దగ్గరి బడిలో ఒక అమ్మాయి కుర్చీలో కూర్చుని నోటికి అరచేయి అడ్డం పెట్టుకుంది, ఎంత చెప్పినా తీయలేదు. నేను మాస్కు కిందకు లాగి నా పళ్ళు చూపించాను. ఆ పిల్ల చాలాసేపు చూసి నర్సుతో ఏదో అంది. నర్సు నవ్వుతూ చెప్పింది: “మీరు ఈ ఊళ్ళో ఎవరింటి బిడ్డ అని అడుగుతోంది.” ఆ తరువాత ఆ తరగతిలో ఒక్కరూ నోరు తెరవడానికి సిగ్గుపడలేదు.

నకురు, గిల్‌గిల్ ఉన్న రిఫ్ట్ లోయలో అగ్నిపర్వతపు రాళ్ళ నుంచి, మా వైపు గ్రానైటు రాళ్ళ నుంచి భూగర్భజలంలోకి దిగేది అదే ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, అంతకు మించి కడుపులోకి వెళితే వచ్చే పళ్ళే మచ్చలతో వస్తాయి. తోమితే పోయే గార కాదది. తల్లులతో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఒక యువకుడు మాత్రం మనసులో ఉండిపోయాడు. నైరోబీలో ఉద్యోగం వెతుక్కోవాలని, గట్టిగా ఉన్న పైపళ్ళు నాలుగూ తీసేసి తెల్లవి పెట్టమన్నాడు. తీయనన్నాను. పైపొర కాస్త సానబెట్టి మెరుగుచేశాను, లోతైన మచ్చ అలాగే ఉంది. అతను అసంతృప్తితోనే వెళ్ళాడు. అయినా ఆ పళ్ళు తీయకపోవడమే సరైనదని నా నిశ్చయం.

నకురు కేథలిక్ డయోసిస్ వాళ్ళు పశువుల ఎముకలను తక్కువ గాలిలో కాల్చి చేసిన బొగ్గుతో నీళ్ళలోని ఫ్లోరైడును వడగట్టే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నారు. శిబిరం లేని రోజు అది చూడటానికి వెళ్ళాం. ఏ ఊరు మీది అని అక్కడి ఉద్యోగి అడిగితే, ఇండియాలో నల్లగొండ అన్నాను, తెలియదులే అనుకుంటూ. ఆయన కుర్చీలోంచి లేచారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించి మా జిల్లా పేరే పెట్టింది. టాంజానియాలో అరూషా వైపు కూడా దాన్ని వాడి చూశారు. నీటి మీద పనిచేసే ఆ మనిషికి నల్లగొండ అంటే ఒక విధానం. అక్కడ పుట్టిన మనిషిని చూడటం అదే మొదటిసారట. పటిక మోతాదు రోజూ ఎవరు కొలవాలి, అడుగున చేరిన మడ్డి ఎక్కడ పోయాలి అని ఆయన అడుగుతుంటే, మా ఊరి పెద్దలు పడ్డ తిప్పలన్నీ చెప్పాను.

తిరిగొచ్చాక సంఘ పెద్దలను ఒకటే అడిగాను: తరువాతి యాత్ర ఖర్చులో కొంత గిల్‌గిల్ దగ్గరి ఆ బడి నీటి వడపోతకు పెట్టమని. ఒప్పుకున్నారు. ఎముకల బొగ్గు కొన్నాళ్ళకు పట్టు కోల్పోతుంది, మార్చాలి. ఆ ఖర్చులో బడి ఎంత భరించగలదో అక్కడి కమిటీతో ఇప్పుడు మాట్లాడుతున్నాం.