గదినిండా బొమ్మలున్నా ఫోనే కావాలంటున్నాడు

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాదిన్నర. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటాం. పుట్టినరోజులకు వచ్చిన బొమ్మలు రెండు బుట్టల నిండా ఉన్నాయి. బ్యాటరీ కారు, మొరిగే కుక్క, అన్నీ ఉన్నాయి. కాసేపు ఆడి, ‘ఇప్పుడేం చేయను?’ అంటూ ఫోను అడుగుతాడు. లేదంటే వంటింట్లో గిన్నెలన్నీ లాగుతాడు. ఇల్లంతా చిందరవందర చేస్తున్నాడని మా అత్తయ్యగారు విసుక్కుంటారు. వాణ్ని ఎలా ఆడించాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, గిన్నెలు లాగుతున్నాడన్న మాట చదవగానే నా మనసు కుదుటపడింది. మీవాడికి ఆడుకోవడం వచ్చు. ఆ కుక్క దగ్గరే వాడికి పని లేదు. మీట నొక్కితే అదే మొరుగుతుంది, అదే నడుస్తుంది, వాడు చూస్తూ నిలబడాలి. గిన్నె వాడు ఏది చేయమంటే అది చేస్తుంది. డప్పవుతుంది, టోపీ అవుతుంది, ఆవు నీళ్లు తాగే తొట్టి అవుతుంది.

నేను బాలబడిలో పనిచేసిన రోజుల్లో ఒక పాప ఇసుకలో ఇడ్లీ కొట్టు పెట్టేది. కొబ్బరి చిప్పలో పొడి ఇసుక నింపి బోర్లిస్తే జారి కుప్పయ్యేది. ‘నీళ్లు కలుపు’ అన్న మాట నోటిదాకా వచ్చేది, ఆపుకునేదాన్ని. ఒకరోజు తనే చెంబుతో నీళ్లు తెచ్చుకుంది. ఎక్కువ పోసింది, పిండి జారైపోయింది. మళ్లీ పొడి ఇసుక కలిపింది. చివరికి అంచు విరగకుండా ఇడ్లీ దిగింది. దాన్ని ఆకులో పెట్టి, పక్కనున్న పిల్లాణ్ని ‘చట్నీ అయిపోయింది, కారప్పొడి వేయనా?’ అని అడిగింది. నేను చెప్పి ఉంటే ఇడ్లీ నిమిషంలో వచ్చేది. ఆ వెతుకులాట మాత్రం పాపకు దక్కేది కాదు.

కాబట్టి మీరు ఆడించకండి. చిక్కుళ్లు ఒలుచుకుంటూ దగ్గర్లో కూర్చోండి. ఇదేం రంగు, ఇవి ఎన్ని అని పరీక్ష పెట్టకండి. కొట్టు పెట్టి పిలిస్తే వెళ్లి కొనండి, బేరమాడండి. మొదట్లో మారాం చేస్తాడు, ఏమీ తోచడం లేదంటాడు. ఆ తోచకపోవడంలోంచే ఆట పుడుతుంది, అక్కడ ఫోను అందించకండి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దనీ, ఏడాది వయసు పిల్లలకు అసలే వద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

బొమ్మల్లో చాలావరకు అటక మీద పెట్టేయండి. ఒక పాత చీర, బట్టల క్లిప్పులు, అట్టపెట్టెలు, నున్నగా గీకిన కొబ్బరి చిప్పలు కింద ఉంచండి. రెండు కుర్చీల మీద చీర కప్పితే చాలు, ఇల్లు కట్టేస్తాడు. కొనాలనిపిస్తే లక్కపిడతలు కొనండి. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క రంగులు ఎక్కించేవి చాలా ముచ్చటగా ఉంటాయి. వాటిలో వండటానికి పిండి కావాలంటే, రెండు కప్పుల గోధుమపిండికి కప్పు ఉప్పు, కప్పు నీళ్లు, చెంచా నూనె, చిటికెడు పసుపు వేసి ముద్ద చేసివ్వండి. ఉప్పు బాగా ఎక్కువ, నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

పాప ఉంది కనుక ఒక్క జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను. చింతపిక్కలు, శనగలు, గోళీలు గొంతుకు అడ్డం పడతాయి. పాప నిద్రపోయినప్పుడే అవి బయటికి తీయాలి. గురివింద గింజలు విషం, బాబుకు కూడా ఇవ్వవద్దు. నీళ్లాట ఆడుతుంటే తొట్టిలో బెత్తెడు నీళ్లే ఉన్నా మీరు అక్కడి నుంచి కదలకూడదు.

అత్తయ్యగారి విసుగులోనూ న్యాయం ఉంది. హాల్లో ఒక మూల పాత దుప్పటి పరిచి, ఆట దాన్ని దాటకూడదని వాడితో ఒప్పందం చేసుకోండి. ఆట అయ్యాక నాలుగు కొసలూ కలిపి ఎత్తితే సామానంతా ఒకేసారి బుట్టలోకి వెళ్తుంది. చీర ఇల్లు కట్టిన రోజు మాత్రం, దాన్ని మర్నాటి వరకూ విప్పకుండా ఉంచమని అత్తయ్యగారిని అడగండి.